పూత మీద బేరం, స్ప్రింట్‌లో రిస్కు

మా విస్సన్నపేట వైపు మామిడి తోటను పూత మీదే బేరమాడే వ్యాపారులుంటారు. తేనెమంచు పురుగు పడితే? కాయ ముదిరే వేళ ఈదురుగాలి కొడితే? అన్నీ చూసుకునే ధర చెబుతారు. అక్కడితో ఊరుకోరు, మళ్లీ మళ్లీ తోటకొచ్చి కొమ్మ వంచి చూస్తారు.

సాఫ్ట్‌వేర్‌లో ఎజైల్ పద్ధతికి కావలసింది ఈ రెండో అలవాటే. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది చేసిన ప్రకటనతో దానికి ఆ పేరు స్థిరపడింది. ఎజైల్‌లో ఒక విధానమైన స్క్రమ్‌లో పని విడతను స్ప్రింట్ అంటారు. అది నెలకు మించదు. విడత చిన్నదైతే నష్టమూ తక్కువే. అంతమాత్రాన రిస్కు దానంతటదే పోతుందనుకోవడం భ్రమ.

రిస్కుకు లెక్క కట్టొచ్చు. ఆన్‌లైన్ చెల్లింపుల అనుమతి ఆలస్యమయ్యే అవకాశం 40 శాతం, అయితే పోయేది 10 రోజులు అనుకుందాం. గుణిస్తే 4 రోజులు. ఇలా అన్నిటికీ కట్టి కలిపి, ప్రతి స్ప్రింట్‌కూ గ్రాఫు గీస్తే గీత కిందికి దిగాలి. దిగలేదా, రిస్కు ఎక్కువున్న పనినే ముందు ఎత్తుకోవాలి. సులువైనవి ముందు చేసి చూపిస్తే మేనేజర్లకు ముచ్చటే, నిజమే! కానీ గీత దిగదు. ఇంకొకటి: ప్రతి రిస్కు పక్కనా ఒక మనిషి పేరుండాలి. ‘టీమ్ చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూడరు. రోజూ జరిగే 15 నిమిషాల మీటింగులో ఆ మనిషినే అడగాలి.