గనులయూరిలో చిన్న దుకాణదారు
(పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



చిన్న వర్తకులకు బనికివచ్చు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. మగ్గమును విడిచి దుకాణము బట్టినవారు మనలో ననేకులు గలరు. బట్టలకొట్టు, కుట్టుపని, కిరాణా, పుస్తకములయంగడి మున్నగు వృత్తులతో ఈ రామకృష్ణాపురమున మన కుటుంబములు పెక్కులు జీవించుచున్నవి. కష్టపడుడు, సత్యము బలుకుడు అను హితవు మీ పెద్దలే మీకు జెప్పియున్నారు. దానికొరకు మీరు దుకాణములు మూసి ఈ సభకు రానక్కరలేదు. నేను విన్నవింపదలచిన దొక్కటియే. మన దుకాణములలో నధికభాగము ఒక్క జీతగాని కొనుగోలుమీదను, ఒక్క యజమాని యొంటిమీదను నిలిచియున్నవి. ఈ రెంటిలో ఏ యొక్కటి కదలినను కొట్టు కూలును.

మొదట జీతగాని సంగతి. 1886లో హైదరాబాదు (దక్కను) కంపెనీగా నేర్పడి, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేర నమోదై, 1945లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చిన సంస్థయే నేడు మన యూరికి అన్నదాత. నేటి దాని వాటాలలో 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వమునవి, 49 పాళ్లు కేంద్ర ప్రభుత్వమునవి. నెల మొదట జీతము పడిననాడు మన బజారు నిండును, నెలాఖరున వెలవెలబోవును. దసరాకు ముందు లాభములలో వాటా వచ్చుననియు, దీపావళికి బోనసు వచ్చుననియు మనము సరకు దెచ్చి నింపుకొందుము. 2024 సెప్టెంబరులో ఆ లాభవాటా 796 కోట్ల రూపాయలని ప్రకటింపబడెను; కార్మికునకు సగటున లక్షా తొంబదివేలు. అంతటి ధనము ఒక్కమారుగా వచ్చు పట్టణము లరుదు. కాని యా సొమ్ములో బంగారమునకెంత, పిల్లల చదువునకెంత, మంచిర్యాల దుకాణములకెంత పోయి మన కొట్టుకెంత వచ్చెనో లెక్క వ్రాసికొన్నవారు మనలో నెందరు?

ఇంతకంటె ముఖ్యమైన లెక్క వేరొకటి గలదు. 1990 దశాబ్దపు టారంభమున సింగరేణిలో లక్షకు బైగా కార్మికులుండిరి. నాటి బొగ్గు సంవత్సరమునకు సుమారు రెండుకోట్ల టన్నులు. 2023-24లో బొగ్గు ఏడుకోట్ల టన్నులకు జేరెను; కార్మికులు నలువదిరెండు వేలకు లోపు. భూగర్భ గనికి మనుష్యులు వలయును. ఓపెన్ కాస్టునకు యంత్రములు వలయును. బొగ్గు పెరిగినదని పత్రికలో జదివి మన వ్యాపారము పెరుగునని సంతోషించుట పొరపాటు. మన కొట్టునకు వచ్చునది బొగ్గు గాదు, జీతగాడు. వాడు పదవీ విరమణ చేసిననాడు కంపెనీ క్వార్టరు ఖాళీచేసి, తన పల్లెకో పిల్లలున్న పట్టణమునకో పోవును. వాని స్థానమున కాంట్రాక్టు కార్మికుడు వచ్చును. వాని కూలి తక్కువ, వాని కొనుగోలు చిన్నది. ఐనను వాడును కొనుగోలుదారే. వానికి తగిన ధరలో, తగిన పరిమాణములో సరకుంచిన కొట్లకు వాడు వచ్చుచున్నాడు. ఉంచని కొట్లవారు గిరాకీ లేదని కూర్చుండి దుఃఖించుచున్నారు.

ఇట్లు ఒక్క సంస్థను నమ్ముకొన్న యూళ్లకు ఏమి జరిగెనో మన చుట్టుప్రక్కలనే చూడవచ్చును. రామగుండమున 1980లో బొగ్గుతో నడచు నెరువుల కర్మాగారము ఉత్పత్తి మొదలిడెను, 1999లో మూతవడెను. క్రొత్త కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది 2021లో. అదియు బొగ్గుతో గాక సహజవాయువుతో. నడుమ నిరువదిరెండేండ్లు గడచెను. ఏ చిన్నవర్తకుడు ఇరువదిరెండేండ్లు వేచియుండగలడు? కాగజ్‌నగరమున కాగితపు మిల్లు 2014లో ఆగి, 2018లో చేతులు మారినపిమ్మట గాని తిరిగి నడువలేదు. బెల్లంపల్లి గనులు తగ్గినకొలది ఆ బజారు కళ యెట్లు తగ్గెనో అచ్చట చుట్టములున్నవారు మీలో ననేకులు గలరు; వారినడుగుడు.

మన కులస్థుల యూరినే చూపుదును. సిరిసిల్లలో నూలు నొకరిచ్చి, ఆసామి తన మరమగ్గములపై నేయించి, బట్ట మరల నూలిచ్చినవానికే యప్పగించుట చిరకాలపు పద్ధతి. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరెల యార్డరు నిచ్చెను. సుమారు కోటి చీరెలు. ఏడేండ్లు పనికి కొదువలేదు. 2024లో ఆ యార్డరు రాలేదు. మగ్గములు ఆగెను, ఇండ్లలో నెట్టి కష్టము వచ్చెనో లోకమెరుగును. ప్రభుత్వము నిచ్చుట మంచిదే, పుచ్చుకొనుటయు మంచిదే. కాని యా యేడేండ్లలో సగము మగ్గములైన వేరు బట్టకు, వేరు బజారునకు మరల్చియుండినచో దెబ్బ యింతగా దగిలెడిది కాదని నా యభిప్రాయము. షోలాపురమునకు వలసపోయిన మన తెలుగు పద్మశాలీలు చేతిమగ్గమునుండి మరమగ్గమునకును, చద్దరునుండి తువ్వాలునకును, దేశపు బజారునుండి విదేశపు బజారునకును మారుచు వచ్చిరి. వారికిని కష్టములు గలవు. ఐనను వారి బట్టను కొనువాడొక్కడు గాడు.

ఇక మన కొట్టులోనికి వత్తము. గనులయూరిలో ఉద్దెర లేనిదే వ్యాపారము సాగదందురు. సాగదు, నిజమే. కాని ఉద్దెర వెల యెంతో తెలిసికొని యియ్యవలయును. నూటికి పండ్రెండు రూపాయల లాభముతో నమ్ము దుకాణమును దలచుకొనుడు. పండ్రెండువేల ఖాతా గల యొక కుటుంబము క్వార్టరు ఖాళీచేసి చెప్పకుండ బోయెను. ఆ పండ్రెండువేలు మరల సంపాదించుటకు లక్ష రూపాయల సరకు క్రొత్తగా నమ్మవలయును! ఆ లక్ష యమ్ముటకై పడు శ్రమ అంతయు పోయినదానిని పూడ్చుటకే చాలును.

కావున ప్రతి ఖాతాకు ఒక మితి యుండవలయును. పోయిన నెల బాకీ తీరక క్రొత్త పద్దు వ్రాయరాదు. ఖాతాదారు పదవీవిరమణ యేనాడో తెలిసియుండవలయును. చట్టపు సంగతియు కొంత యెరుగుడు. 1963 నాటి కాలపరిమితి చట్టమునుబట్టి, గడువు నిర్ణయింపక యుద్దెరకిచ్చిన సరకు బాకీకి, సరకిచ్చిన దినమునుండి మూడేండ్లలోపల దావా వేయవలయును. ఆ గడువు ముగియక పూర్వము బాకీదారు బాకీ కలదని వ్రాసి సంతకము చేసినచో ఆ దినమునుండి మరల మూడేండ్లు లెక్కింపబడును. మన పుస్తకములో మనము వ్రాసికొన్న పద్దు సాక్ష్యమే గాని, అదొక్కటియే బాధ్యతను స్థాపింపజాలదు. ఆరునెలలకొకమారు ఖాతా మొత్తము క్రింద వాని సంతకము పెట్టించుకొనుటకు మొగమాటమెందుకు? మంచి ఖాతాదారు కోపగింపడు. కోపగించువాని సంగతి మనకు ముందుగనే తెలిసిపోవుటయు లాభమే.

రెండవ స్తంభము యజమాని యొక్కడు. ఉదయమున తాళము దీయువాడు తానే, ధర చెప్పువాడు తానే, గల్లాపెట్టెకడ కూర్చుండువాడు తానే, సరకు దెచ్చువాడు తానే. పెండ్లికి బోవలయునన్న కొట్టు మూయవలయును. జ్వరము వచ్చిన మూయవలయును. దీనిని మనము దక్షత యనుకొందుము. గని యందైనను ఓవర్‌మన్ లేనిదినమున పని యాగదు, మరియొకరికి నేర్పియుందురు. మన కొట్టులో ధరలు యజమాని తలలో నున్నవి, బాకీలు తలలో నున్నవి, సరకు పంపువాని నియమములు తలలో నున్నవి. ఆ తల కాలము చేసినచో భార్యాబిడ్డలకు మిగులునవి బీరువాలును పాతసరకును మాత్రమే.

ఏడుదినములు కొట్టునకు బోక చూడుడు. ఏమి యాగిపోయెనో అదియే మీరు నేర్పవలసిన పాఠము. ధరలను సరకుమీదనే వ్రాయుడు. పనివానికి ఫలానా మేరవరకు ధర తగ్గించు నధికార మిండు. వాడు తప్పు చేసినచో లోపలికి బిలిచి చెప్పుడు. కొనుగోలుదారుల యెదుట తిట్టినచో నాడు మీరు వానిని మాత్రమే గాదు, చూచుచున్న కొనుగోలుదారునిగూడ బోగొట్టుకొందురు. జీతము చెప్పిన దినముననే యిండు. మన బజారున మంచి పిల్లవాడు నిలువడని యందరును ఫిర్యాదు చేయుదురు. నిలుచుటకు వానికి మీరేమి చూపితిరని యెవరును దమ్ము తామడుగుకొనరు.

అనేక గృహములలో మధ్యాహ్నము కొట్టు చూచునది ఇల్లాలు. ఏ యింట పెండ్లియున్నదో, ఎవరికి బాకీ తీర్చు శక్తి గలదో ఆమెకు దెలిసినంత మనకు దెలియదు. ఐనను లైసెన్సు మీద నామె పేరులేదు, బ్యాంకు ఖాతాయందు సంతకము లేదు. ఈ లోపము రేపే సవరింపదగినది.

లెక్కలగూర్చి దీర్ఘముగా జెప్పను. పాత సాహుకార్లు చిట్టా, ఆవర్జా వేరువేరుగా వ్రాసిరి. ఇప్పటి వాడుక ఫోను. ఏదైనను సరే, ఇంటి ఖర్చునకు గల్లాలో చేయిపెట్టుట మానుడు. మీకును నెలజీత మేర్పరచుకొని దానినే యింటికి గొనిపొండు. అప్పుడు గాని దుకాణము లాభములో నున్నదో నష్టములో నున్నదో తెలియదు. 2016 నుండి వచ్చిన యూపీఐ ద్వారా జేరు సొమ్ము బ్యాంకు లెక్కలో నిలుచును. రేపు ఋణమడుగునపుడు అదియే మీ పక్షమున బలుకును. 2015లో నేర్పడిన ముద్రా పథకమున పూచీ లేకయే శిశు తరగతిలో ఏబదివేల వరకును, కిశోర తరగతిలో ఐదులక్షల వరకును ఋణము గలదు. చిట్టీ పాడి పెట్టుబడి దెచ్చువారు ఈ వడ్డీని ఆ నష్టముతో బోల్చి చూచుకొందురుగాక. యూనిఫారములు కుట్టించి పాఠశాలలకును కాంట్రాక్టర్లకును ఇచ్చువారు ఉద్యమ్ నమోదు చేయించుకొనుడు. 2006 నాటి చట్టమునుబట్టి కొన్నవారు 45 దినములకు మించకుండ సొమ్ము చెల్లింపవలయును. కేవలము కొని యమ్ము వర్తకునకు ఈ రక్షణ లేదని గుర్తుంచుకొనుడు.

వృద్ధి యనగా రెండవ కొట్టు తెరచుట యని మనవారి భావము. మొదటికొట్టు మీరు లేక నడచుట నేర్వకమునుపు రెండవది తెరచినచో రెండును సగము సగము మూతపడును. అంతకంటె, ఉన్నకొట్టు నుండియే జైపూరు విద్యుత్కేంద్రము వైపును, చుట్టుప్రక్కల పల్లెలకును సరకు పంపుట మేలు. రైతు చేతికి పంటసొమ్ము వచ్చు కాలము వేరు, జీతగానికి వచ్చు కాలము వేరు. రెంటిని గలిగినవాని గల్లా ఏ నెలయు పూర్తిగా నెండదు.

పోషకులకొక విన్నపము. ఈ సంచికలో ప్రకటనలిచ్చి సంఘమును బోషించుచున్న మీకు కృతజ్ఞులము. వచ్చు సంవత్సరము స్వాగత తోరణములకగు వ్యయములో కొంత తగ్గించి, లెక్కలు తెలిసిన యొకరిని నెలకు రెండు సాయంకాలములు సంఘమందిరమునకు రప్పింపుడు. మన యువకులును స్త్రీలును తమ కొట్ల పుస్తకములను దెచ్చుకొని నేర్చుకొందురు. ఖాతా సంతకపు కాగితమును, బ్యాంకు దరఖాస్తును అచ్చటనే నింపుకొందురు. ఈ మేరకు తీర్మానపు చిత్తు నొకదానిని వ్రాసి కార్యదర్శిగారి కిచ్చియున్నాను. మధ్యాహ్నపు సమావేశమున దానిని చర్చించి, మొదటి తరగతి యేనాడో, ఖర్చు నెవరు భరింతురో నేడే నిర్ణయింప బ్రార్థించుచున్నాను.