రేకు మడతలోని బలం



మాసి మఖం ఉత్సవంలో కారమడై రంగనాథస్వామి తేరు కదలడం చూడనివారు ఈ సభలో అరుదు. ఆ బరువును మోసేది పైనున్న అలంకారం కాదు, అడుగుననున్న దూలాలు. పిల్లలు నిర్మించే రోబోకు కూడా అటువంటి ఆధారం అవసరం. దానినే చట్రం అంటారు.

పలుచని రేకును బల్లపరుపుగా ఉంచి మోటార్లు, బ్యాటరీ బిగిస్తే అది మెలితిరుగుతుంది. నాలుగు చక్రాలలో ఒకటి నేలను వీడుతుంది, బండి దారి తప్పుతుంది. పాపం, పిల్లలు తప్పును ప్రోగ్రాములో వెదుకుతారు! మందం రెట్టింపు చేస్తే రేకు వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కాని బరువూ రెట్టింపై మోటార్లకు భారమవుతుంది. అదే రేకు అంచులను నిలువుగా మడిస్తే, స్వల్పమైన అదనపు బరువుతోనే గట్టిదనం లభిస్తుంది. మెలికకు మాత్రం మడత చాలదు. పైన మరొక రేకు బిగించి పెట్టెవలె మూయాలి.

మడతకూ ఒక మర్యాద ఉన్నది. మరీ పదునుగా మడిస్తే అల్యూమినియం బీటలు వారుతుంది. లోపలి వంపు వ్యాసార్ధం కనీసం రేకు మందమంత ఉండడం మేలు. మడతకు ఆనుకొని వేసిన రంధ్రం సాగి కోలగా మారుతుంది. రెండు మడతలు కలిసే మూలలో చిన్న కోత విడువకపోతే రేకు చినుగుతుంది.

ఈ ప్రాంతపు తెలుగువారికి యంత్రాల పని కొత్త కాదు. 1893లో కలంగల్‌లో జన్మించిన జి.డి. నాయుడు గారు పెద్ద చదువు లేకుండానే, ఒక మోటారు సైకిలు కొని, విప్పి, తిరిగి బిగించి ఆ విద్య నేర్చారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి విద్యుత్ మోటారును తయారుచేశారు.

సిద్ధమైన చట్రం కొనిపెట్టదలచిన తల్లిదండ్రులు ముందుగా పిల్లల చేతికి ఒక అట్ట, ఒక స్కేలు ఇవ్వాలి. అట్టపై గీసి, మడిచి, చక్రాలు అమర్చి చూచిన తరువాతనే రేకుపై కత్తెర పెట్టాలి.