మంచినీళ్లలో మోల్ లెక్క



అరటిపళ్లు డజన్లలెక్కన కొంటాం. తమలపాకులు కట్టలలెక్కన కొంటాం. ఆవాలు మాత్రం లెక్కపెట్టి ఇమ్మంటే కొట్టువాడు నవ్వుతాడు కదూ? వాటిని తూచే ఇస్తాడు. అయితే నూరు ఆవాల బరువెంతో తెలిస్తే, పొట్లం తూచి అందులో ఎన్ని గింజలున్నాయో చెప్పేయవచ్చు. మన పిల్లలు రసాయనశాస్త్రంలో చదివే 'మోల్' కూడా ఇలాంటిదేనండీ. కంటికి కనిపించని అణువులను తూకంతో లెక్కపెట్టే ఉపాయం.

డజను అంటే 12. మోల్ అంటే 6.022 × 10²³, అంటే 6022 పక్కన 20 సున్నాలు. దీన్నే అవొగాడ్రో సంఖ్య అంటారు. 2019 మే 20 నుంచి మోల్ నిర్వచనమే ఈ సంఖ్య మీద నిలబడింది. నీటి అణుభారం 18. కాబట్టి 18 గ్రాముల నీళ్లు ఒక మోల్. 180 గ్రాములు పట్టే గ్లాసులో 10 మోల్‌లు. ఆ పదిని అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే గ్లాసులోని నీటి అణువులెన్నో వస్తాయి. లెక్కంతా ఇంతే: బరువును అణుభారంతో భాగిస్తే మోల్‌లు, మోల్‌లను ఆ పెద్ద సంఖ్యతో గుణిస్తే అణువులు.

ఇదంతా పిల్లల పరీక్షలకు సరే, మనకెందుకు అంటారా? మనం తాగే నీళ్ల కోసమే.

బడంగ్‌పేట్ వైపు నుంచి ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డున వెళ్తే నల్లగొండ జిల్లా వస్తుంది. అక్కడ మర్రిగూడ వైపు పల్లెల్లో, రాతి పొరల నుంచి నీటిలోకి దిగిన ఫ్లోరైడ్ ఎందరి పళ్లకో మరకలు తెచ్చింది, ఎందరి కాళ్లనో వంకర చేసింది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నల్లగొండ పల్లెలకు నదీజలం వచ్చి బాధ తగ్గింది. కాని బోరునీళ్లే తాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. అది బియ్యపుగింజ బరువులో చిన్న భాగమే. ఇంత పిసరు ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. మరి మోల్‌లలో చూడండి. ఫ్లోరైడ్ భారం 19. 0.0015 గ్రాములను 19తో భాగిస్తే సుమారు 0.000079 మోల్. దాన్ని అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే దాదాపు నాలుగుముప్పావు లక్షల కోట్ల కోట్ల ఫ్లోరైడ్ అయాన్లు! అదే లీటరులో నీరు 55.5 మోల్‌లు. అంటే ఏడు లక్షల నీటి అణువుల మధ్య ఒక్క ఫ్లోరైడ్ అన్నమాట. ఆ ఒక్కదాన్ని నాలుకా పట్టలేదు, కన్నూ పట్టలేదు. ఎముక మాత్రం పట్టుకుంటుంది. ఎముకలో హైడ్రాక్సైడ్ ఉన్న చోట ఫ్లోరైడ్ ఒకటికి ఒకటిగా వచ్చి కూర్చుంటుంది. శరీరం చూసేది బరువును కాదమ్మా, ఎన్ని వచ్చాయన్న లెక్కనే. రోజూ తాగే నీళ్లతో ఏళ్ల తరబడి చేరితే అదే పేరుకుపోతుంది.

కాచితే పోదా అని మీరడగవచ్చు. పోదు. నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ అలాగే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా పోదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే 'నల్లగొండ పద్ధతి' ఒకటుంది. కాని నీటిలో ఫ్లోరైడ్ ఎంతో, క్షారగుణం ఎంతో కొలిచాకే ఎంత పటిక వేయాలో తేలుతుంది. చింతపండు పులుసులో ఉప్పులాగా చేతి అందాజున వేసేది కాదది.

కనుక బోరునీళ్లు తాగేవారు ముందు ప్రభుత్వ నీటి పరీక్షా ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోండి. కాగితంలో ఫ్లోరైడ్ అన్న వరుస చూడండి. 1.5 దాటితే ఆ నీళ్లు గిన్నెలు తోముకోవడానికి వాడండి, తాగడానికీ వంటకీ నదీజలమో, ఆర్.ఓ. చేసిన నీళ్లో పట్టుకోండి. పసిపిల్లల పళ్లు చిగుళ్లలో తయారవుతున్న వయసులోనే మరకలు పడతాయి. పన్ను బయటికి వచ్చాక మనం ఎంత తోమించినా అవి పోవు. అందుకే పిల్లలున్న ఇంట ఈ పరీక్ష వాయిదా వేయకండి.

సాయంత్రం మీ అమ్మాయి మోల్ లెక్క రావడంలేదని కూర్చుంటే, ఆ కాగితమే ముందు పెట్టి లెక్క చేయించండి. పాఠమూ వస్తుంది, ఇంటి నీటి సంగతీ తెలుస్తుంది.