‘కేసు కొట్టేశారు’ అన్న మాట చాలదు



చిన్న పట్టణంలోని కోర్టులో ఉన్న క్రిమినల్ కేసు రికార్డును సామాన్య కుటుంబం ఎలా వెతికి తీసుకోవాలో చెప్పమని కమిటీవారు మమ్మల్ని కోరారు. ముందుగా మేము దగ్గరుండి చూసిన ఒక సంగతి మనవి చేస్తాము.

కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. కుమారుడికి గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైంది. పాస్‌పోర్టు మాత్రం పోలీసు విచారణలో ఆగిపోయింది. ‘మావాడిపై ఎప్పుడో కొట్లాట కేసు ఉండేది, అది తొమ్మిదేళ్ళ కిందటే కొట్టేశారు’ అన్నారాయన. కాగితం ఏదైనా ఉందా అని అడిగితే, ‘కాగితం ఎందుకండీ, ఊరందరికీ తెలుసు’ అన్నారు.

రికార్డు తీయించి చూశాము. ముద్దాయిలు పదకొండుమంది. హత్యాయత్నం సెక్షను ఉన్నందున కేసు సెషన్స్ కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఆ సమయంలో ఈ అబ్బాయి చెన్నైలో కూలిపనిలో ఉండి వాయిదాకు హాజరు కాలేదు. మేజిస్ట్రేటు కోర్టు అతని కేసును విడదీసి, వేరే నంబరు ఇచ్చి, మిగిలిన పదిమందిని సెషన్స్‌కు పంపింది. నిర్దోషులని విడుదలైనవారు ఆ పదిమంది. ఇతనిపై నాన్‌బెయిలబుల్ వారెంటు తొమ్మిదేళ్ళుగా సజీవంగా ఉంది. వకీలును పెట్టుకొని, కోర్టులో లొంగిపోయి, వారెంటు రద్దు చేయించుకొని, విచారణ ఎదుర్కొని అతడూ నిర్దోషిగా బయటపడ్డాడు. దానికి పద్నాలుగు నెలలు పట్టింది. వీసా గడువు అంతకు ముందే ముగిసింది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక్కసారి రికార్డు చూసి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. ఈనాటి మా మాట అంతా ఇదే.

‘కొట్టేశారు’ అనే మాట వెనుక ఎన్నో ముగింపులు ఉంటాయి. సాక్ష్యాలు విన్న తరువాత నిర్దోషి అని తీర్పు చెప్పడం ఒకటి. ఆరోపణలకు ఆధారం లేదని విచారణకు ముందే విడుదల చేయడం మరొకటి. ఇరుపక్షాలు లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. కోర్టు అనుమతితో ప్రభుత్వమే ప్రాసిక్యూషన్‌ను ఉపసంహరించుకోవచ్చు. దర్యాప్తులో ఆధారాలు దొరకలేదని పోలీసులే తుది నివేదిక వేయవచ్చు. ఒక్కొక్కదానికి కాగితం వేరు, ఫలితం వేరు. మీ కేసు ఏ విధంగా ముగిసిందో ఆ కాగితమే చెప్పాలి.

మాటల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వకీలు, జామీను, నకలు, ఫిర్యాదు, హాజరు అనే కోర్టు మాటలన్నీ మన ఇళ్ళలో వినిపించేవే. అయితే ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగు కోర్టు భాషలో ముద్దాయి అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పెద్దలు ఈ ఒక్క మాట దగ్గరే తికమకపడటం మేము చూశాము. సందేహం ఉన్నచోట అడిగి తెలుసుకోవడంలో చిన్నతనం లేదు.

ఇక వెతికే విధానం. మొదట పట్టుకోవలసింది పోలీసు స్టేషను క్రైం నంబరు, సంవత్సరం. ఎఫ్.ఐ.ఆర్. మీద అది ఉంటుంది. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎఫ్.ఐ.ఆర్.ను 24 గంటలలోగా పోలీసు వెబ్‌సైటులో ఉంచాలి. ఇంటర్నెట్ సౌకర్యం సరిగా లేనిచోట గరిష్ఠంగా 72 గంటల వరకు గడువు ఉంది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చారు. ఫిర్యాదు చేసినవారికి నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను బాధితునికి కూడా ఆ హక్కు కల్పించింది.

రెండవది కోర్టు నంబరు. అభియోగపత్రం దాఖలైన తరువాత మేజిస్ట్రేటు కోర్టులో విచారించే కేసుకు సి.సి. నంబరు ఇస్తారు. సెషన్స్ కోర్టు మాత్రమే విచారించదగిన పెద్ద నేరమైతే ముందు పి.ఆర్.సి. నంబరు పడుతుంది. సెషన్స్‌కు వెళ్ళాక అది ఎస్.సి. నంబరుగా మారుతుంది. ఒకే కేసు మూడు పేర్లతో మూడు చోట్ల కనిపిస్తుంది కనుక, పాత నంబరు పట్టుకొని వెళ్ళినవారికి ‘ఇక్కడ లేదు’ అనే జవాబు వస్తుంది. ఎక్కడికి పంపారు, ఏ తేదీన పంపారు, ఎవరి కేసునైనా విడదీశారా అని అడగాలి.

మూడవది సి.ఎన్.ఆర్. నంబరు. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. మొదటి రెండక్షరాలు రాష్ట్రానివి, చివరి నాలుగంకెలు సంవత్సరానివి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గాని, ఫోనులోని యాప్‌లో గాని ఈ నంబరు ఇస్తే వాయిదా తేదీ, కేసు ఏ దశలో ఉన్నది, తీర్పు వచ్చిందా అన్న వివరాలు ఉచితంగా తెలుస్తాయి. నంబరు తెలియకపోతే జిల్లాను, కోర్టు సముదాయాన్ని ఎంచుకొని ఎఫ్.ఐ.ఆర్. నంబరుతో వెతకవచ్చు. పెండింగు కేసులను, ముగిసిన కేసులను విడివిడిగా చూడటం మరువకండి.

పేరుతో వెతికే సౌకర్యం కూడా ఉంది గాని మన పేర్లకు అది నమ్మదగినది కాదు. షేక్ అన్న మాటను ఒకరు పూర్తిగా రాస్తారు, మరొకరు ఎస్కే అని రెండక్షరాలతో సరిపెడతారు. మహమ్మద్‌కు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో లెక్కలేదు. ఒకే పట్టణంలో అదే పేరుతో పదిమంది ఉంటారు. కనుక తండ్రి పేరు, వయస్సు, నివాసం సరిపోల్చకుండా ‘ఇది ఫలానావాడి కేసే’ అని అనుకోరాదు. అవతలివాడి కేసు మన పిల్లవాడి నెత్తిన పడినప్పుడు దానిని తొలగించేది కూడా ఈ వివరాలే.

ఆన్‌లైనులో కనిపించనంత మాత్రాన కేసు లేదని భావించరాదు. పాత కేసులకు కోర్టుకే వెళ్ళి రిజిస్టరు చూపించమని అడగాలి. తెరపై కనిపించినది సమాచారం మాత్రమే. అధికారుల ముందు నిలిచేది కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ. అందుకు కోర్టులో కాపీ దరఖాస్తు పెట్టాలి. కాపీకి ఎన్ని స్టాంపులు కావాలో నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టివేస్తారు. కేసులో పక్షం కానివారు కారణం తెలుపుతూ ప్రమాణపత్రంతో కోర్టు అనుమతి కోరాలి. కోర్టు నకళ్ళకు సమాచార హక్కు చట్టం కాకుండా హైకోర్టు నిబంధనల దారినే వెళ్ళాలని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న స్పష్టం చేసింది. నిర్ణీత కాలం గడిచిన రికార్డులను కోర్టులు నాశనం చేస్తాయి కనుక, తీర్పు వచ్చిన నెలలోనే నకలు తీసి ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి.

వకీలు ఖర్చుకు భయపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి.

కేసు నిజంగానే పెండింగులో ఉంటే దాచకండి. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషను ప్రకారం, విచారణ జరుపుతున్న కోర్టు అనుమతి ఇస్తే పాస్‌పోర్టు పొందే మార్గం ఉంది. ఉద్యోగ దరఖాస్తులో అడిగినప్పుడు నిజమే రాయాలని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది. చిన్న కేసుకన్నా దాచిన అబద్ధమే పిల్లవాని ఉద్యోగానికి పెద్ద ముప్పు.

చివరగా ఒక హెచ్చరిక. ఈ విద్యను సంబంధాలు చెడగొట్టడానికి, పొరుగువారి గుట్టు వాట్సాప్‌లో పెట్టడానికి వాడకండి. దురనుమానాన్ని, ఇతరుల రహస్యాల కోసం వెతకడాన్ని ఖుర్ఆన్ నిషేధించింది. బాలల కేసుల వివరాలను, లైంగిక నేరాల బాధితుల పేర్లను బయటపెట్టడం చట్టరీత్యా నేరం కూడా.

అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని ఆదేశించే వాక్యమే ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. పది రూపాయల అప్పుకే కాగితం ఉండాలన్న ధర్మం మనది. బిడ్డ భవిష్యత్తు ముడిపడిన కేసుకు కాగితం లేకుండా నిద్రపోవడం మనకు తగునా? ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే పెట్టె తెరచి చూడండి. క్రైం నంబరు, కోర్టు నంబరు, తీర్పు నకలు — ఈ మూడింటిలో ఏది లేకపోయినా వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత ఇక్కడికే రండి. మేము కూర్చొని ఉంటాము. అల్లాహ్ మన పిల్లలకు న్యాయం దక్కేలా చేయుగాక. ఆమీన్.