ఆసుపత్రి రిజిస్టరులో కనిపించని జబ్బు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు చదువు చెప్పుకునేవాణ్ణి. ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు కోరారు గనుక, పిల్లలకు సంబంధించిన విషయమే ఎంచుకున్నాను. అది విటమిన్ 'ఏ' లోపం.

ఈ మాట వినగానే మనకు రేచీకటి గుర్తుకొస్తుంది. ఉర్దూలో దీన్నే రతౌంధీ అంటాం. పొద్దుగూకాక పిల్లవాడు తడుముకుంటూ నడుస్తాడు. తర్వాత తెల్లగుడ్డు ఎండి, దానిమీద నురుగులాంటి మచ్చ వస్తుంది. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి, కొద్ది రోజుల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చును. ఒకప్పుడు మన దేశంలో ఈ అంధత్వం చాలా ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పరిశోధనల ఆధారంగా, 1970లో ప్రభుత్వం పిల్లలకు ఆర్నెల్లకొకసారి విటమిన్ 'ఏ' మందు పోయించడం ప్రారంభించింది.

నేడు కళ్ళు పోయేంత లోపం అరుదైంది. మరి లోపం పోయిందా? పోలేదు. 2016–18లో దేశవ్యాప్తంగా పిల్లల రక్తం పరీక్షించగా, 1–4 ఏళ్ళ వారిలో సుమారు 18 శాతం, 5–9 ఏళ్ళ వారిలో 22 శాతం మందికి ఈ లోపం ఉన్నట్టు తేలింది. మా బడి లెక్కలో చెప్పాలంటే, నలభై మంది క్లాసులో ఎనిమిది, తొమ్మిది మంది. వాళ్ళ కళ్ళు చూస్తే ఏమీ తెలియదు.

తెలియని లోపంతో నష్టమేమిటని మీరు అడగవచ్చును. ఈ విటమిన్ కంటికే కాదు, ఊపిరితిత్తులకూ పేగులకూ లోపలివైపు ఉండే పొరకు కూడా కావాలి. అది చాలకపోతే, బీటలు వారిన గోడలోంచి తేళ్ళు దూరినట్టు క్రిములు దూరుతాయి. పిల్లవాణ్ణి ఆసుపత్రిలో చేరుస్తాం. రిజిస్టరులో తట్టు అనో, విరేచనాలు అనో, న్యుమోనియా అనో రాస్తారు. విటమిన్ లోపం అని రాయరు. ప్రతి జ్వరానికీ ఇదే కారణమని నేననను గానీ, వచ్చిన జబ్బును ముదరబెట్టేది మాత్రం ఇదే కావచ్చు.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో తట్టు ముదిరి ఆసుపత్రిలో చేరిన 189 మంది పిల్లల మీద జరిపిన పరిశోధన 1990లో వెలువడింది. కొందరికి విటమిన్ 'ఏ' ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మొత్తం 12 మంది చనిపోగా, అందులో 10 మంది విటమిన్ అందనివారే. అందినవారు సగటున పదిన్నర రోజులకు ఇంటికి వెళితే, అందనివారికి దాదాపు పదిహేను రోజులు పట్టింది. నాలుగు రోజుల తేడా! కూలిపని చేసుకునే తండ్రికి నాలుగు రోజుల కూలి అంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో మిగతా పిల్లల్ని వదిలి తల్లి ఆసుపత్రి మంచం పక్కన కూర్చోవాలి. ఆ మంచం కోసం ఇంకొక బిడ్డ వరండాలో కాచుకుని ఉంటుంది.

కాబట్టి నా మనవి ఇది:

1. ముర్రుపాలు పారబోయవద్దు. బిడ్డకు అవే మొదటి బలం.

2. తోటకూర, మునగాకు, పాలకూర, పండిన బొప్పాయి, మామిడి, గుమ్మడికాయ పిల్లలకు తరచుగా పెట్టండి. కూరలో కాస్త నూనె ఉంటేనే వీటిలోని సారం ఒంటబడుతుంది. గుడ్డు, కలేజీ మరీ మంచివి. కలేజీ అప్పుడప్పుడు చాలు. గర్భిణీలు మాత్రం దానిని మానుకోవడం మేలు.

3. తట్టు పోసిన బిడ్డకు పథ్యం పేరుతో తిండి మాన్పించవద్దు. వెంటనే డాక్టరుకు చూపించి, విటమిన్ 'ఏ' సంగతి అడగండి.

4. మందు తొమ్మిదో నెలలో మొదలై అయిదేళ్ళ దాకా మొత్తం తొమ్మిది సార్లు పోయించాలి. ఏడాదిన్నర టీకాతో పని అయిపోయిందని చాలామంది కార్డును పెట్టెలో పడేస్తారు. కానీ తొమ్మిదింటిలో ఏడు ఆ తర్వాతవే! అలాగని సొంతంగా కొని ఎక్కువ పోయరాదు. అతిగా పోస్తే హాని. అంగన్‌వాడీలోనో, ఆరోగ్య కేంద్రంలోనో పోయించండి.

చివరిగా సంఘానికి ఒక్క సూచన. మన యువకులు వీధికిద్దరు చొప్పున బయలుదేరి, అయిదేళ్ళలోపు పిల్లల కార్డులు చూసి, మందు తప్పినవారి జాబితా నర్సమ్మగారికి అందించాలి. దీనికి చందా అక్కరలేదు, ఒక నోటుబుక్కు, రెండు ఆదివారాలు చాలు.