బండిలో పెట్రోలు వాసన: ఉపేక్షింపరాదు
(మన సంఘపు వారసభలో చేసిన ఉపన్యాసము)



మనలో పలువురు ధర్మపురినుండి సేలమునకు తొప్పూరు కనుమమీదుగా కార్లలో పోయి వచ్చుచుందురు. మరలివచ్చునపుడు ఆ ఎక్కుడున ఇంజను మిక్కిలి కాగును. అప్పుడు పెట్రోలు వాసన తగిలినచో "కొంచెమే గదా" యని సాగిపోరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అడుగున చేరి నిలుచును. ఒక్క నిప్పురవ్వ చాలును. వెంటనే బండిని ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, అందరును దిగి దూరముగా నిలువవలెను. బీడీ, అగ్గిపుల్ల దరికి రానీయరాదు.

ఇంజను చల్లారిన పిదప కారణము వెదుకవలెను. పెట్రోలు నింపిన వెంటనే వచ్చు వాసనకు ట్యాంకు మూత రబ్బరు చెడుట కారణము కావచ్చును. రాత్రి నిలిపినచోట తడిమరక యున్నచో గొట్టమో, దాని అతుకో కారుచున్నదేమో చూడవలెను. పాత అంబాసిడరు, ఫియట్టు బండ్లలో కార్బురేటరు సూదివాల్వు సరిగా మూతపడక పెట్రోలు పొరలుటయు కలదు. నల్లపొగయు తోడైనచో ఇంజను పెట్రోలును అధికముగా త్రాగుచున్నదని యూహింపవచ్చును.

నేడు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. 2023కు పూర్వపు బండ్ల రబ్బరు భాగములు దానివలన త్వరగా చెడవచ్చును.

సబ్బు రాచి, గుడ్డ చుట్టి సరిపెట్టుకొనరాదు. పెట్రోలుకు తగిన క్రొత్త గొట్టమును, క్రొత్త క్లిప్పును వేయింపవలెను. ఇంజెక్షను బండ్లలో పెట్రోలు ఒత్తిడితో నుండును గనుక తెలిసిన మెకానిక్కుచేతనే విప్పింపవలెను.

రేపు ఉదయము బండిని కదిలించి, అది నిలిచిన నేలను ఒక్కసారి పరికించుడని నా మనవి.