గౌతమి నేర్పిన ధర్మం
(కార్తిక మాసోత్సవాల సందర్భంగా ఆలయ సభామండపంలో చేసిన ప్రసంగ పాఠం)



నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి, పిల్లాపాపలను చల్లగా చూడమని మ్రొక్కుకొన్న మనం, ఈ సాయంకాలం ఒక యువరైతును స్మరించుకోవలసి ఉన్నది. గత శ్రావణంలో పాముకాటుకు అసువులు బాసిన ఆ బిడ్డ నా శిష్యుడు. వయస్సు 27 ఏండ్లు. తండ్రి మరణించగానే పదవ తరగతితో చదువు చాలించి మేడి పట్టాడు. సొంతం ఎకరం, కౌలు మూడెకరాలు. కోతలు కాగానే తొలి బస్తా ధాన్యాన్ని ఈ స్వామి అన్నప్రసాదానికి సమర్పించిన తరువాతనే తన ఇంటికి గింజ చేర్చుకొనేవాడు.

ఆ రాత్రి మడికి నీరు పెట్టి, మోటారు కొట్టం వద్ద నేలపైనే గోనెపట్టా పరచుకొని నిద్రించాడు. కట్లపాము కాటుకు తరచుగా నొప్పిగాని వాపుగాని కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు. అజీర్ణమని వాము నీరు త్రాగించారు. కనురెప్పలు వాలిపోసాగిన తరువాత మంత్రం వేయించారు. ఆసుపత్రి చేరేసరికి ఊపిరి ఆగిపోయింది.

‘వాని నొసటివ్రాత అంతే’ అని పలువురన్నారు. భారతంలోని ఆనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు గౌతమి కథ చెప్పాడు. ఆమె కుమారుడు పాముకాటుతో మరణించాడు. అర్జునకుడనే వేటగాడు ఆ పామును బంధించి తెచ్చి చంపబోగా, దీనిని చంపినంత మాత్రాన నా బిడ్డ తిరిగి రాడని గౌతమి వారించింది. పాము మృత్యువును చూపింది. మృత్యువు కాలుని చూపింది. కాలుడు కర్మను చూపాడు. ఆ కథ పుత్రశోకంలో మునిగిన తల్లి పగను విడిచిన కథ. ప్రాణమున్నవానికి చికిత్స మానుమని అందులో ఎక్కడా లేదు. కర్మ అనే మాట గతించినవారి విషయంలో ఓదార్పు. బ్రతికి ఉన్నవారి విషయంలో ఉపేక్షకు సాకు కారాదు.

2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా 58,000 మంది. వారిలో అత్యధికులు పల్లెవాసులే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు ఉన్నది. అది సూదిమందుగా ఆసుపత్రిలో మాత్రమే ఇవ్వదగినది. కాటుపడిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడుతో బిగించరాదు. కాటుపడినవానిని నడిపించక, ఆ అవయవాన్ని కదలనీయక, 108కి కబురు చేయాలి. స్వామికి మ్రొక్కుకోండి, ఆ మ్రొక్కు వాహనంలో కూర్చుండియే మ్రొక్కుకోండి.

దాతలారా! రాత్రివేళ పొలానికి పోయే రైతుకు ఒక టార్చిలైటు, మోకాళ్ళ వరకు వచ్చే బూట్లు, పడుకొనుటకు ఒక మంచం, దోమతెర సమకూర్చడం కూడ అన్నదానంతో సమానమైన పుణ్యమే. అన్నం పండించేవాడు ఉన్నప్పుడే కదా అన్నదానం!

ఆ బిడ్డ నాటిన పైరును ఈ నెలలో ఊరి యువకులు కూలి తీసుకొనక కోసి, నూర్చి ఇంటికి చేర్చారు. రెండేండ్ల పాపను చంకనెత్తుకొని వచ్చి, అతని ఇల్లాలు తొలి బస్తాను యథావిధిగా స్వామికి సమర్పించింది. నేటి మన ప్రసాదంలో ఆ గింజలున్నవి. ఆ ఋణం తీర్చుకొనే బుద్ధిని స్వామి మనకు ప్రసాదించుగాక!

స్వస్తి.